అండాశయంలో డిప్యుటేషన్

మా సంస్థ గేటు లోపలికి వచ్చేది మామూలు కళ్లకు ఒకే గేదెలా కనిపిస్తుంది. పరిపాలన దృష్టితో చూస్తే అందులో ఆరు విభాగాలు, ఆరుగురు అధిపతులు, ఆరు జీపులు ఉంటాయి. తల నుంచి తోక దాకా ఎక్కడ ఏ నరం పోయినా నరాల విభాగానిది. పొట్ట జీర్ణ విభాగానిది. గిట్టలకు వేరే విభాగం ఉంది, దానికి వేరే భవనం కూడా ఉంది. నేను సమన్వయ విభాగం సూపరింటెండెంటుని. పశువులో ఏ భాగమూ మాకు చెందదు కాబట్టి మాకు జీపు లేదు.

ఒకసారి తోక మీద పుండుతో ఒక ఎద్దు వచ్చింది. తోక వెన్నుకు కొనసాగింపు కాబట్టి తమదేనని నరాలవాళ్లు, పుండు పడింది తోలు మీద కాబట్టి తమదేనని చర్మంవాళ్లు పట్టుబట్టారు. అభిప్రాయాలు ఖరారయ్యేలోగా పుండు దానంతటదే మానిపోయింది. మా సంస్థ సాధించిన విజయాల్లో దాన్ని ఇప్పటికీ మొదట చెప్పుకుంటాం.

ఇలాంటి సంస్థకు కస్తూరి వచ్చింది.

కస్తూరి చిననందిగుంట పేరమ్మ గేదె. నిగనిగలాడే ముర్రా జాతి, బిందెడు పాలిచ్చిన రోజులున్నాయి. రెండో ఈత తరవాత ఎన్నిసార్లు వీర్యం సూది వేయించినా చూడి కట్టకుండా, మళ్లీ మళ్లీ ఎదకు వచ్చి పొర్లిపోతోంది. పేరమ్మ ఇల్లు నడిచేది ఆ గేదె మీదే. సరిగ్గా అప్పుడే మా సంస్థ పశు మాతృత్వ పథకం ప్రకటించింది. పొర్లే పశువును ఏడాదిపాటు మాకు అప్పగించాలి. చూడి కడితే యజమానికి తిరిగి ఇచ్చేస్తాం. కట్టకపోతే గొడ్డుదని ప్రకటించి సంస్థే వేలం వేస్తుంది. వేలానికి వచ్చేది కసాయివాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరని పథకంలో రాయలేదు, కానీ అందరికీ తెలుసు.

"నా గేదెను ఎట్టాగైనా నాకు తిరిగి ఇప్పించాలి డాక్టరమ్మా," అని పేరమ్మ తాడు చేతికిస్తూ అంది. అందుకున్నది డాక్టర్ హిమజ, పునరుత్పత్తి విభాగంలో కొత్తగా చేరిన శాస్త్రవేత్త. ఇంకా పశువును ముక్కలుగా చూడటం అలవాటు కాని మనిషి.

హిమజ పది రోజులు కస్తూరిని పరీక్షించి సమావేశంలో తన ప్రతిపాదన పెట్టింది.

"నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీను ఒకటుంది సార్. మొదట నరాల దగ్గర కనిపెట్టారు కాబట్టి ఆ పేరే ఉండిపోయింది. తరవాత చూస్తే అది అండాశయంలోనూ ఉంది. అండం ఉండే బుడగ పక్వానికి వచ్చి పగలడానికి సాయం చేస్తుంది. మోతాదు మించితే మాత్రం బుడగలు పగలకుండా నీటితిత్తులుగా మిగిలిపోతాయని అనుమానం. ఒంటె జాతుల్లో మగపశువు వీర్యద్రవంలో వచ్చే ఈ ప్రోటీనే అండం విడుదలకు సంకేతం. ఎద్దుల్లోనూ కనబడింది. మనం వేసే సూదిలో వీర్యాన్ని బాగా పలచన చేస్తాం, అందువల్ల ఆ ద్రవం దాదాపు మిగలదు. కస్తూరికి ఈసారి సూదితోపాటు ఆ ప్రోటీను కొంచెం ఇచ్చి చూద్దాం. పని చేస్తుందో లేదో తెలుస్తుంది."

సమావేశంలో అందరూ టీ తాగుతున్నారు. నరాల విభాగాధిపతి డాక్టర్ భుజంగరావుగారు మాత్రం కప్పు కింద పెట్టారు.

"ఇందులో నరాల ప్రస్తావన వచ్చినట్టు గమనించాను," అన్నారు. "మా విభాగానికి చెందిన ప్రోటీను, మా అనుమతి లేకుండా, రిలీవింగ్ ఆర్డరు లేకుండా అండాశయంలో ఎప్పటినుంచి పనిచేస్తోంది?"

"క్షీరదాలు పుట్టినప్పటి నుంచీ సార్," అంది హిమజ.

"అయితే ఇది దీర్ఘకాలిక ఉల్లంఘన. రాసుకోండి."

రాసుకున్నాను.

పునరుత్పత్తి విభాగాధిపతి డాక్టర్ సంపదాచార్యులుగారికి అప్పటిదాకా ఆ ప్రోటీను మీద ఏ అభిప్రాయమూ లేదు. పక్కవాళ్లు అడుగుతున్నారని తెలిసేసరికి దాని మీద మమకారం పుట్టుకొచ్చింది. "అండాశయం తనంతట తానే దాన్ని తయారుచేసుకుంటుంది. కాబట్టి అది లోకల్. మాదే," అన్నారు.

"నేటివిటీ రుజువు చేయగలరా?"

"చేస్తాం. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే."

"మరి మగపశువుతో వచ్చేదో? అది నాన్‌లోకల్ కాదా?"

డైరెక్టర్ గారు చెయ్యెత్తారు. ఆయన చెయ్యెత్తితే కమిటీ పడుతుందని మాకు తెలుసు. "ఒకే ప్రోటీనుకు మూడు చోట్ల స్థానికత ఉండటం నిబంధనలకు విరుద్ధం. విషయం సున్నితమైనది. ఇరు విభాగాధిపతులతో సంయుక్త కమిటీ వేస్తున్నాను. నివేదిక అందేవరకు సదరు అండాశయంలో యథాతథ స్థితి కొనసాగాలి."

ఉత్తర్వు నేనే తయారుచేశాను. సంబంధితులందరికీ ప్రతులు అందాలన్నారు కాబట్టి కస్తూరికీ ఒకటి ఇచ్చాను. అది తినేసింది. ఉత్తర్వు స్వీకరించినట్టు నమోదు చేశాం.

రెండు వారాలు తిరగకుండా కస్తూరి ఎదకు వచ్చింది. తెల్లవారేసరికి కొట్టమంతా అరుపులు. హిమజ సూది సరంజామా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కొట్టం గుమ్మంలో ఆచార్యులుగారు అడ్డంగా నిలబడ్డారు.

"యథాతథ స్థితి అమలులో ఉందమ్మా."

"సార్, ఇది మన విభాగం గేదె! మీరే ఆపితే ఎలా?"

"అందుకే ఆపుతున్నాను. మనం ముందు ఉల్లంఘిస్తే భుజంగరావు ఊరుకుంటాడా? అసలు యథాతథ స్థితిలో ఉండగా ఎదకు రావడమే తప్పు."

ఆ తప్పుకు మెమో జారీ అయింది. గేదెకు సంజాయిషీ ఇచ్చే అలవాటు లేదు కాబట్టి యజమాని ద్వారా వివరణ కోరాం. పేరమ్మ రోజూ మధ్యాహ్నం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. తను వేస్తే తప్ప కస్తూరి మేత ముట్టదు. ఆ రోజు మోపు దించగానే ఆమెకు మెమో చదివి వినిపించాను.

"ఎద ఆగమంటే ఆగుద్దా సూపర్నెంటుగారూ?" అంది పేరమ్మ. "మీకు ఆకలేస్తే ఎవురి సంతకం తెచ్చుకుంటారు?"

మధ్యాహ్న భోజన విరామానికి మా సంస్థలో నిజంగానే సంతకం ఉంది. ఆ సంగతి చెబితే ఆమె నమ్మలేదు. వివరణ సంతృప్తికరంగా లేదని రాసుకుని మెమో మూసేశాను.

ఎండలు ముదిరేసరికి సంయుక్త కమిటీ క్షేత్ర పరిశీలనకు వచ్చింది. ముందు సరిహద్దు తేలాలన్నారు. కస్తూరిని నిలబెట్టి నడుం చుట్టూ తెల్ల రంగుతో గీత గీయించారు. గీతకు ముందు భాగం నరాల విభాగానిది, వెనక భాగం పునరుత్పత్తి విభాగానిది. ముందు ఒక పలుపు, వెనక ఒక పలుపు. ఇద్దరు అటెండర్లు. మిగతా నాలుగు విభాగాలు తమ అభ్యంతరాలను రాతపూర్వకంగా భద్రపరుచుకున్నాయి.

మర్నాటి నుంచి కొత్త చిక్కు వచ్చింది. మేత నోటితో తింటుంది, నోరు భుజంగరావుగారి పరిధి. పేడ ఆచార్యులుగారి పరిధిలో పడుతుంది. "మేం మేపితే పేడ వాళ్లకా?" అని భుజంగరావుగారు మేత తగ్గించారు. "వాళ్లు మేపింది మేమెందుకు ఎత్తాలి?" అని ఆచార్యులుగారు పేడ ఎత్తించడం మానేశారు. పాపం కస్తూరి అర్ధాకలితో, పేడలో నిలబడి, రెండు విభాగాలకూ సమానంగా సహకరించింది. పేరమ్మ గడ్డిమోపే లేకపోతే ఆ ఎండాకాలం అది దాటేది కాదు. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

నాలుగో రోజు కస్తూరి పలుపులు రెండూ తెంపుకుని ఆవరణ వెనక బురదగుంటలో దిగింది. గేదెకు ఎండ పడదు, దానికి ఉత్తర్వు అక్కర్లేదు. సాయంత్రం పైకి వచ్చేసరికి ఒంటిమీద సరిహద్దు లేదు. భుజంగరావుగారు దాన్ని దురాక్రమణ అన్నారు. ఆచార్యులుగారు సాక్ష్యం రూపుమాపడం అన్నారు. మళ్లీ గీయించారు. మళ్లీ దిగింది. చివరికి బురదగుంట చుట్టూ ముళ్లకంచె వేయించారు. కస్తూరి కంచె దగ్గర నిలబడి నాలుక బయటపెట్టి రొప్పుతుంటే హిమజ బకెట్లతో నీళ్లు తెచ్చి పోసింది. గీత తడవకుండా పోయాలని అటెండరు గుర్తుచేశాడు.

వానలు పడ్డాక కమిటీ నివేదిక వచ్చింది. కట్ట బరువుగానే ఉంది. ముఖ్యాంశం ఏమిటంటే, సదరు ప్రోటీను నరాల విభాగం నుంచి అండాశయానికి డిప్యుటేషన్ మీద వెళ్లవచ్చు. అయితే అండం విడుదల పనివేళల్లో, ఇరు విభాగాధిపతుల సమక్షంలో మాత్రమే జరగాలి. ఆదివారాలు, రెండో శనివారాలు, ఐచ్ఛిక సెలవు దినాలు మినహాయింపు.

హిమజ నివేదిక మూసేసింది. "గేదెలు ఎక్కువగా చల్లటి వేళ ఎదకు వస్తాయి సార్," అంది. "చాలావాటికి మూగ ఎద, అరుపు కూడా ఉండదు. పనివేళలు వాటికెలా తెలుస్తాయి?"

"మంచి ప్రశ్న," అన్నారు డైరెక్టర్ గారు. "పశువులకు అవగాహన లేదు. అవగాహన సదస్సు పెడదాం."

పెట్టాం. కొట్టంలో షామియానా వేశాం, బ్యానరు కట్టాం. ఇద్దరు అధిపతులూ సమయపాలన మీద మాట్లాడారు. శ్రోతల్లో కస్తూరి ఒక్కటే గేదె. మిగిలిన గేదెలకు ఆహ్వానం అందలేదు, అవి జీర్ణ విభాగంలో ఉన్నాయి. సదస్సు విజయవంతమైందని పత్రికలకు రాసి పంపాను. తరవాత కస్తూరి రెండుసార్లు ఎదకు వచ్చింది. ఒకసారి ఆదివారం తెల్లవారుజామున. ఇంకోసారి అన్నీ కుదిరాయి, భుజంగరావుగారు మాత్రం నరాల బలహీనతతో సెలవులో ఉన్నారు.

"సంవత్సరం అయిపోవస్తంది డాక్టరమ్మా," అంది పేరమ్మ ఆ రోజు. కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. "కసాయోళ్లకు పోద్దా నా కస్తూరి?"

హిమజ నేలచూపులు చూసింది. "నేను అడిగినవన్నీ కాదన్నారు పేరమ్మగారూ. ఆ మందు నా చేతికివ్వరు."

"ఆ మందు ఇంకేడా దొరకదా?"

"దొరకకేం. ఏ దున్నలో అయినా ఉండొచ్చు. పలచన చేయకుండా వచ్చేది అక్కడినుంచే కదా. పని చేస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

హిమజ శాస్త్రం చెప్పింది. పేరమ్మ ఏం విన్నదో నాకు తరవాత తెలిసింది.

కార్తీక మాసంలో మా సంస్థ వనభోజనాలు జరిగాయి. ముందు రోజు మధ్యాహ్నం నుంచే కస్తూరి మళ్లీ ఎదకు వచ్చి అరుస్తోంది. తోటలో విభాగానికో పందిరి వేశాం, పులిహోర పంపకం మీద అప్పటికే చిన్న వివాదం నడుస్తోంది. ఆ సమయానికి నేను గేటు దగ్గర ఉండగా పేరమ్మ వచ్చింది. గడ్డిమోపు ఆమె నెత్తిన లేదు. పక్కన నడుస్తున్న చిననందిగుంట దున్నపోతు వీపు మీద ఉంది. ఊళ్లో అందరికీ తెలిసిన దున్న, మెడ నా నడుమంత ఉంటుంది.

"ఇదెందుకు?" అన్నాడు వాచ్‌మన్.

"నడుం నొప్పిగా ఉందయ్యా. మోపు మొయ్యటానికి తెచ్చా."

గేటు నిబంధనల్లో బరువు మోసే పశువుకు ప్రవేశం ఉంది. వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను నిబంధన చదివాను, అందులో దున్నపోతు కూడదని ఎక్కడా లేదు. "పంపించు," అన్నాను. దున్న లోపలికి వెళ్లింది, మోపు దించింది. ఆ మీదట దానికి డిప్యుటేషన్ గురించి గానీ, తన నాన్‌లోకల్ హోదా గురించి గానీ ఎవరూ చెప్పలేదు. తోటలో ఇద్దరు అధిపతులూ పులిహోర దగ్గర ఉన్నారు.

సంక్రాంతి దాటాక హిమజ కస్తూరిని పరీక్షించింది. చేతికి తొడుగు వేసుకుని ఎంతసేపో చూసింది. బయటికి వచ్చి తొడుగు తీయకుండానే నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. "చూడి కట్టింది," అంది.

అరగంటలో రెండు విభాగాలూ విజయం ప్రకటించుకున్నాయి. డిప్యుటేషన్ ఫలించిందని భుజంగరావుగారు, లోకల్ ప్రతిభకు నిదర్శనమని ఆచార్యులుగారు. శాలువాలు కూడా తెప్పించారు. అప్పుడు డైరెక్టర్ గారు ఒక్క ప్రశ్న వేశారు. "అండం విడుదలైనప్పుడు సమక్షంలో ఉన్నదెవరు?"

ఎవరూ లేరు. ఉన్నామంటే సూది వేసిన రుజువు చూపాలి. లేమంటే నివేదికలోని నిబంధనను కాపాడలేకపోయినందుకు ఇద్దరి మీదా చర్య తీసుకోవాలి. శాలువాలు పెట్టెలోకి వెళ్లిపోయాయి. అండాశయం మీద ఏడాదిగా కొట్టుకున్నవాళ్లు అది తమది కాదంటే తమది కాదని చెప్పడం మొదలుపెట్టారు. లోకల్ అన్నాయన నాన్‌లోకల్ అన్నారు. రిలీవింగ్ ఆర్డరు అడిగినాయన ఆ ప్రోటీను పేరు తానెప్పుడూ వినలేదన్నారు.

చివరికి సంయుక్త కమిటీ మొట్టమొదటిసారి ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. కస్తూరికి చూడి లేదు.

"ఉంది సార్," అంది హిమజ. "నేను చేత్తో చూశాను."

"అది అనధికార గర్భం. అనుమతి లేనిది ఉన్నట్టు మనం గుర్తించలేం. పథకం గడువు మార్చితో ముగుస్తుంది. నిష్ఫల పశువుగా వేలానికి పెట్టండి," అన్నారు డైరెక్టర్ గారు.

"చూడి గేదెను కసాయికి అమ్ముతారా?"

"చూడి లేదని తీర్మానించాం కదమ్మా."

నాకు కోపం వచ్చింది. ఎన్నో తీర్మానాలు రాశాను గానీ, ఆ ఒక్కటి మాత్రం రాయబుద్ధి కాలేదు. అయినా రాశాను, ఉద్యోగం కదా.

వేలం రోజు ఇద్దరు కసాయివాళ్లు ఒక లారీతో వచ్చి నిలిచారు. పేరమ్మ కస్తూరి మెడ పట్టుకుని వదల్లేదు. "కడుపుతో ఉన్నదయ్యా, కడుపుతో ఉన్నదాన్ని తీసుకుపోబాకండి," అని ఒకటే మాట. హిమజ ఆమె పక్కన నిలబడింది. అప్పగింత పత్రం మీద సంబంధిత విభాగాధిపతి సంతకం కావాలి. ముందు భుజంగరావుగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"సంతకం పెడితే గేదె నాదని ఒప్పుకున్నట్టే. రేపు ఆ కడుపు ఎక్కడిదని అడిగితే?" అని పత్రం నెట్టేశారు.

ఆచార్యులుగారు పత్రం వైపు చూడనేలేదు. "వెనక భాగం అని ఉంటే అసలే పెట్టను," అన్నారు. డైరెక్టర్ గారు విభాగాలు పెట్టకుండా తాను పెట్టనన్నారు. మిగతా నాలుగు విభాగాలూ అప్పుడు భద్రపరుచుకున్న అభ్యంతరాలను బయటికి తీశాయి. పొద్దు వాలేదాకా ఆరు భవనాలూ తిరిగాను. లారీవాళ్లు విసుగెత్తి వెళ్లిపోయారు.

డైరెక్టర్ గారి గదికి తిరిగి వచ్చి సమన్వయ విభాగం తరఫున పరిస్థితి నివేదించాను. "ఈ గేదె తమది కాదని అన్ని విభాగాలూ చెప్పాయి సార్. ఆరు విభాగాలకూ చెందని పశువు సంస్థలో ఉండటానికి వీల్లేదు. అంచేత ఇప్పుడు కొట్టంలో గేదె లేదు."

ఆయన చాలాసేపు ఆలోచించారు. లేని గేదెకు చూడి ఉండదు, లేని చూడికి బాధ్యులుండరు. ఆయన ముఖం తేటపడింది. "సమన్వయం అంటే ఇదే," అన్నారు.

పేరమ్మ తాడు పట్టుకుని గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. "గేదెకు పాసేది?"

"ఏ గేదెకయ్యా?" అన్నాను వెనకే వచ్చిన నేను.

అతను నన్ను చూశాడు, కస్తూరిని చూశాడు, కర్ర తీసేశాడు. కస్తూరి తెల్ల గీతతోనే రోడ్డెక్కింది. పేరమ్మ దాని నడుం మీద చెయ్యి వేసి నడిచింది.

ఆ తరవాత హిమజను గిట్టల విభాగానికి బదిలీ చేశారు. పశువులో అండాశయానికి వీలైనంత దూరంగా ఉండేవి గిట్టలేనని డైరెక్టర్ గారు స్వయంగా ఎంపిక చేశారు.

భాద్రపదంలో ఒక ఉదయం పేరమ్మ స్టీలు క్యారియరు పట్టుకుని వచ్చింది. కస్తూరి ఈనింది, పెయ్యదూడ. మొదటి పాలతో మిరియాలు, బెల్లం వేసి జున్ను వండి తెచ్చింది. సమావేశం జరుగుతుండగా నేనే లోపలికి తీసుకెళ్లాను. భుజంగరావుగారు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"అద్భుతం. ఏ గేదెదమ్మా?"

"మీరు గొడ్డుదని రాసుకున్న గేదెదే సారూ."

ఆయన చెంచా గాల్లో ఆగింది. ఆచార్యులుగారి చెంచా కూడా ఆగింది. ఇద్దరూ డైరెక్టర్ గారి వైపు చూశారు. డైరెక్టర్ గారు తల వంచుకుని తింటున్నారు. ఒక్క క్షణం తటపటాయించి ఇద్దరూ మళ్లీ గిన్నెలు ముందుకు జరిపారు. ఆ జున్ను లోకలా, నాన్‌లోకలా అని మా సంస్థలో ఎవరూ అడగలేదు.

క్యారియరు అడుగు గిన్నె పేరమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. గిట్టల భవనం దాకా నడిచి హిమజ చేతిలో పెట్టింది. హిమజ రెండు చేతులతో పట్టుకుంది.

"మా ఆడబిడ్డ గేదె కూడా పొర్లతా ఉందమ్మా," అంది పేరమ్మ. "ఇక్కడికి తోలుకురమ్మంటావా, లేకపోతే గడ్డిమోపు మోయించమంటావా?"

హిమజ కిటికీలోంచి మిగతా ఐదు భవనాలవైపూ చూసింది. ఆ ప్రోటీను సంగతి తేల్చడానికే ఇంత చదువు చదివి ఇక్కడికి వచ్చిన పిల్ల. కస్తూరి కడుపు దానివల్లే పండిందో, ఊరికే పండిందో తనకు ఎప్పటికీ తెలియదు.

"గడ్డిమోపే మోయించండి," అంది.